మారుపేరుతో కథలు రాసి పుస్తకం వేయొచ్చా? ముందు పేరు ఎవరి నుంచి దాచాలో తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా రాసుకున్న కథలు పదకొండు ఉన్నాయి. కొన్ని ఆఫీసు గురించి, వాటిలో ఒకటి మీ మేనేజరు మీద; కొన్ని అత్తగారింటి గురించి. అసలు పేరు బయటపడకుండా పత్రికలకు పంపి, ఆ తర్వాత పుస్తకంగా వేయాలని ఉంది. అలా చేయడం చట్టప్రకారం తప్పా, డబ్బు ఎలా చేతికొస్తుంది, ఎవరైనా కనిపెట్టేస్తారా అన్నది మీ టెన్షన్. మీ ఊరి పేరూ అమ్మమ్మ పేరూ కలిపి ఒక పేరు అనుకున్నానని కూడా రాశారు.

మారుపేరుతో రాయడం, పుస్తకం వేయడం తప్పు కాదు. గెజిట్ ప్రకటన, అఫిడవిట్ లాంటివేవీ అక్కర్లేదు. అవి అన్ని కాగితాల్లోనూ పేరు మార్చుకునేవాళ్ల కోసం. 1957 నాటి కాపీరైట్ చట్టంలో మారుపేరు రచనలకు ప్రత్యేకంగా సెక్షన్లే ఉన్నాయి. అయితే మారుపేరు మిమ్మల్ని దాచేది పాఠకుల నుంచి మాత్రమే. ప్రచురణకర్తకు, బ్యాంకుకు, ఆదాయపు పన్ను వాళ్లకు, అవసరమైతే కోర్టుకు మీరెవరో తెలిసే తీరుతుంది. ఇంట్లోవాళ్లు పట్టుకునేది పేరు చూసి కాదు, కథ చూసి. అందుకే మీరు ఎవరి దగ్గర దాచాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. ఆఫీసు నుంచి దాచడం వేరు, అత్తగారింటి నుంచి దాచడం వేరు.

నేను మల్లేశ్వరంలో ఉంటాను. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఇరవై నాలుగేళ్లుగా మారుపేరుతో కథలు రాస్తున్నాను, మూడు పుస్తకాలు వచ్చాయి. ఈ దారిలో నేను చేసిన తప్పులు మీరు చేయకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక తేడా చెప్పాలి. మనవాళ్లు కలం పేరు అనే ఒక్క మాటతో రెండు వేరువేరు పనుల్ని పిలుస్తారు. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యారు, కిళాంబి నరసింహాచార్యులు ఆత్రేయ అయ్యారు. ఆ మనుషులెవరో లోకానికంతా తెలుసు. ఇక్కడి కన్నడ మహాకవి కువెంపు పేరు కూడా కుప్పళి వెంకటప్ప పుట్టప్ప అన్న పేరులోని అక్షరాలే. ఇవి సంతకాల్లాంటివి. రెండో రకం నిజంగా దాక్కోవడానికి పెట్టుకునేది. మీకు కావలసింది రెండోది, కానీ పేరు ఎంచుకున్న తీరు మొదటి రకంలా ఉంది. దాని గురించి చివర్లో చెప్తాను.

ఈ రెండింటికీ మధ్యలో కూడా కొన్ని ఉంటాయి. తమిళంలో సుజాత అనే పేరుతో రాసిన రంగరాజన్ మన బెంగళూరులోనే భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా పనిచేశారు. సుజాత ఆయన భార్య పేరు. రంగరాజన్ అనే పేరుతో అప్పటికే ఇంకో రచయిత ఉండటంతో, పాఠకులు తికమకపడకుండా ఆ పేరు పెట్టుకున్నారు. మన బీనాదేవి ఒక భార్యాభర్తల జంట, ఆ భర్త న్యాయమూర్తి. తెనాలిలో హోటల్ పనిచేస్తూ శారద పేరుతో నవలలు రాసిన నటరాజన్ తమిళుడు, తెలుగు ఇక్కడికొచ్చి నేర్చుకున్నాడు. ఇలా ఎవరి కారణం వాళ్లది. మీరు దాచుకోవాలనుకోవడం భయస్తురాలి పని అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఆఫీసు సంగతి. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు తీసి మళ్లీ చదవండి. మూడు విషయాలు వెతకండి: బయట సంపాదన ఉంటే చెప్పాలని ఉందా, ఉద్యోగంలో ఉండగా తయారుచేసిన ప్రతిదీ కంపెనీదే అని ఉందా, కంపెనీ గురించి బయట మాట్లాడకూడదని ఉందా. చట్టప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మాత్రమే యజమాని మొదటి హక్కుదారు అవుతాడు. రాత్రి పదకొండింటికి ఇంట్లో కూర్చుని రాసిన కథ ఆ కిందికి రాదు. కానీ కొన్ని ఒప్పందాల్లో ఈ షరతు చాలా వెడల్పుగా రాస్తారు. సంతకం పెట్టేశారు కాబట్టి ఏం రాసి ఉందో తెలుసుకోండి. కథలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్క పేరా కూడా టైపు చేయొద్దు. ఆఫీసు మెయిల్ నుంచి పంపొద్దు. ఇప్పటికే అందులో ఉంటే వెంటనే మీ సొంత మెషీన్‌లోకి తెచ్చుకోండి.

నాకు తెలిసిన ఒక కుర్రాడు, మారతహళ్లి వైపు పనిచేసేవాడు, ఉద్యోగాల కోత మీద చాలా మంచి కథ రాశాడు. పేరు మార్చాడు, కంపెనీ పేరు లేదు, ఊరు కూడా మార్చాడు. ఆ పీడీఎఫ్‌ని స్నేహితుల గ్రూపులో పెట్టాడు. ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే రచయిత అన్న చోట అతని పూర్తి పేరు ఉంది, దాంతో పాటు కంపెనీ పేరు కూడా, ఎందుకంటే అది ఆఫీసు లైసెన్సుతో ఉన్న వర్డ్‌లో చేసిన ఫైలు. ఉద్యోగం పోలేదు కానీ ఆ ఏడాదంతా నరకం చూశాడు. ఆ తర్వాత రాయడమే మానేశాడు. నాకు ఇప్పటికీ బాధగా ఉంది, ఎందుకంటే ఆ కథ అచ్చుకు పంపే ముందు చదివిన నలుగురిలో నేనొకదాన్ని. భాష చూశాను, ముగింపు చూశాను, ఫైలు చూడలేదు.

ప్రభుత్వ ఉద్యోగులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం ఒక మాట. మారుపేరు పెట్టుకుంటే సర్వీసు రూల్స్ వర్తించవని చాలామంది అనుకుంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి పేరు లేకుండా రాసినా, మారుపేరుతో రాసినా, ఇంకొకరి పేరుతో రాసినా అని విడివిడిగా చెప్పి మరీ కట్టడి చేస్తుంది. కేవలం సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన రచనలకు మినహాయింపు ఉంది. ప్రభుత్వాన్ని విమర్శించేవాటికి లేదు. నేను మా బ్యాంకులో ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. అంటే మా సిబ్బంది వ్యవహారాల డిపార్ట్‌మెంట్‌కు నేనెవరో మొదటి రోజు నుంచీ తెలుసు, నా పక్క కౌంటర్ వాళ్లకు పద్దెనిమిదేళ్లు తెలియలేదు. పై అధికారుల దగ్గర దాచడం ఎప్పుడూ కష్టమే. విద్యాశాఖలో పనిచేస్తూ నవాబ్ రాయ్ పేరుతో రాసిన ధనపత్ రాయ్ ఉర్దూ కథల సంపుటి 1908లో అచ్చయింది. అది ఎవరు రాశారో ఆంగ్లేయ కలెక్టరు కనిపెట్టాడు. ఆ తర్వాతే ఆయన ప్రేమ్‌చంద్ అయ్యారు.

డబ్బు సంగతి. నా మొదటి కథకు పారితోషికం చెక్కు నా మారుపేరు మీద వచ్చింది. బ్యాంకులో పనిచేసే నేనే ఆ చెక్కును నా ఖాతాలో వేసుకోలేకపోయాను. ఆ పేరుతో ఖాతా లేదు కదా. ఉత్తరం రాసి, చెక్కు వెనక్కి పంపి, కొత్తది తెప్పించుకునేసరికి నాలుగు నెలలు పట్టింది. కథ పంపేటప్పుడే ఉత్తరంలో మూడు వాక్యాలు రాయండి: "ప్రచురించాల్సిన పేరు ఇది. పారితోషికం పంపాల్సిన పేరు, ఖాతా వివరాలు ఇవి. అసలు పేరు ఎక్కడా ప్రచురించవద్దు." మూడో వాక్యం అక్కర్లేదనిపిస్తుంది, కానీ అది చాలా అవసరం. సంపాదకులకు చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

పుస్తకానికి రాయల్టీ వస్తే అది మీ అసలు పేరు, మీ పాన్ నంబరు మీదే వస్తుంది. ఒక పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. మీలాంటివాళ్లకు ఒక చిక్కు ఇక్కడే ఉంది. అలా పట్టుకున్న పన్ను, ఎవరు చెల్లించారన్న వివరంతో సహా, మీ పేరు మీద ఆదాయపు పన్ను శాఖ చూపించే వార్షిక పన్ను వివరాల పత్రంలో కనిపిస్తుంది. మీ రిటర్నులు ఎవరు వేస్తున్నారు? మీ ఆయనో, ఇంటి ఆడిటరుగారో అయితే ప్రచురణ సంస్థ పేరు వాళ్ల కళ్ల ముందుంటుంది. మీ రిటర్ను మీరే వేసుకోవడం నేర్చుకోండి. ఆదాయం చూపించకుండా ఉంటే సరిపోతుంది అని మాత్రం అనుకోవద్దు.

పాఠకుల దగ్గర పుస్తకం డబ్బులు యూపీఐలో తీసుకుంటే, డబ్బు పంపేవాళ్లకు బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు కనిపిస్తుంది. ఫోన్ నంబరు ఇస్తే ట్రూకాలర్‌లో పేరు వస్తుంది. కథల కోసం వేరే మెయిల్ ఐడీ పెట్టుకోండి, డబ్బు వ్యవహారం ప్రచురణకర్తకో పుస్తకాల షాపుకో వదిలేయండి.

ఒప్పందం. మారుపేరుతో సంతకం చేయొద్దు. అసలు పేరుతో చేసి, "ఈ రచన ఫలానా పేరుతో ప్రచురించాలి, రచయిత రాతపూర్వక అనుమతి లేకుండా అసలు పేరు ఎవరికీ వెల్లడించకూడదు" అని ఒక షరతు పెట్టించండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లు అనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకు అనీ చట్టం తీసుకుంటుంది. తెలుగులో చాలా పుస్తకాలు నోటిమాట మీద అచ్చవుతాయి. మారుపేరుతో రాసేవాళ్లు ఆ పని చేయకూడదు, ఎందుకంటే రేపు పుస్తకం మీదేనని చెప్పుకోవడానికి ఆ కాగితమే సాక్ష్యం. కాపీరైట్ రిజిస్ట్రేషన్ గురించి ఎవరైనా చెప్తారు. అది తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్టర్ చేస్తే మీ వివరాలు ఇవ్వాలి, ఆ రిజిస్టరును రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. మీ పరిస్థితిలో నేనైతే చేయించను.

ఇక పుస్తకం లోపలి పేజీ. నా మొదటి పుస్తకం నా ఖర్చుతో వేసుకున్నాను, 500 కాపీలు. అట్ట మీద మారుపేరు చక్కగా వచ్చింది. కట్టలు పార్సిల్ సర్వీసులో దిగిన రోజు రాత్రి ఒకటి విప్పి చూస్తే రెండో పేజీలో "ప్రతులకు" అని నా అసలు పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉన్నాయి. డీటీపీ చేసినతను అందరి పుస్తకాల్లో వేసినట్టే వేశాడు. ఆయన తప్పేం లేదు, నేను కథల పేజీల ప్రూఫు మాత్రమే చూసి ఆ పేజీ వదిలేశాను. నేనూ మా అమ్మాయీ రెండు ఆదివారాలు కూర్చుని 500 పుస్తకాల్లో తెల్లకాగితం ముక్కలు అంటించాం. రెండో పేజీ, ముందుమాట, వెనక అట్ట, ఈ మూడూ మీ కళ్లతో చూడకుండా అచ్చుకు వదలొద్దు. కాపీరైట్ గుర్తు పక్కన కూడా మారుపేరే ఉండాలి. ముందుమాట రాసే పెద్దలకు ముందే చెప్పండి. "బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేస్తూ, పుంగనూరు మాండలికంలో" అని వాళ్లు ప్రేమగా రాసిన ఒక్క వాక్యం చాలు, మిమ్మల్ని పట్టివ్వడానికి. చట్టప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ చెన్నై కన్నెమరా లైబ్రరీకీ పంపాలి. అక్కడ కేటలాగు చేసేది ఆ పేజీల్లో ఏముందో చూసే. ఆవిష్కరణ సభ వద్దు. ఒక్క గ్రూప్ ఫొటో చాలు.

ఇంట్లోవాళ్ల గురించి చెప్పడం నాకు కష్టమైన పని. కానీ మీ ప్రశ్నలో అసలు ముడి ఇదే అనిపిస్తోంది.

మా పెదనాన్నగారు కోలారులో ఉండేవారు. పాల లెక్క గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్సిలుతో రాసేవారు. నెలాఖరున ఆ కాగితం చించి, నాలుగు మడతలు పెట్టి, పరుపు కింద దాచేవారు. అలా ఎన్నేళ్ల కాగితాలో. నేను ఒక కథలో అనంతపురంలో ఉండే ఒక రిటైర్డు తాలూకాఫీసు గుమాస్తాను సృష్టించాను. పేరు వేరు, కులం వేరు, పిల్లల సంఖ్య వేరు. చివరి రోజుల్లో కొడుకు ఆయన్ని ఎలా చూశాడన్నది కథ. పరుపు కింద క్యాలెండరు కాగితాలు మాత్రం అలాగే ఉంచేశాను, అంత మంచి వివరం వదులుకోబుద్ధి కాలేదు. కథ వచ్చిన వారానికి మా అక్క, పెదనాన్నగారి పెద్దమ్మాయి, ఫోన్ చేసింది. "ఏమే, ఇది మా నాన్న కదా. మా తమ్ముడు అంత చెడ్డవాడా?" అంది. మారుపేరు ఆమెకు అడ్డం కాలేదు. ఎవరు రాశారో తెలియడానికి ఆమెకు ఆ పరుపు చాలు, ఎందుకంటే ఆ పరుపు ఎత్తి చూసినవాళ్లం ప్రపంచంలో ఐదుగురమే. ఆరేళ్లు మాటల్లేవు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం, కథ ఊసు ఎవరం ఎత్తం.

కాబట్టి మీ అత్తగారింటి కథలు తీసుకుని, ఒక్కొక్కదానిలో "ఇది ఎంతమందికి తెలుసు?" అని అడగండి. పదిమంది కంటే తక్కువ మందికి తెలిసిన వస్తువు, మాట, అలవాటు ఏదైనా ఉంటే అది మీ సంతకమే. దాన్ని మార్చండి, లేదా ఆ కథ ఇప్పుడు వేయకండి. ముఖ్యంగా ఊతపదాలు. మీ అత్తగారు రోజూ అనే మాట కథలో అత్తగారి నోట పెట్టారో, ఆమె మూడో పేజీలోనే గుర్తుపడతారు. ఇలా మారిస్తే కథ బలం తగ్గదా అంటే, కొన్నిసార్లు తగ్గుతుంది. నేను రెండు కథలు అలా పక్కన పెట్టాను. ఒకటి తొమ్మిదేళ్ల తర్వాత వేశాను, ఇంకొకటి ఇంకా బీరువాలో ఉంది.

నిజమైన మనిషి గుర్తుపట్టగలిగేలా ఉండి, అతని పరువు పోయే మాట ఉంటే పరువునష్టం దావా వేయొచ్చు. పేరు మార్చినంత మాత్రాన కథ కల్పితం అయిపోదు. క్రిమినల్ కేసు అయితే 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది, 2 ఏళ్ల వరకు శిక్ష పడొచ్చు. కేసు పడితే ప్రచురణకర్త మీ పేరు చెప్పాల్సి వస్తుంది. మీ మేనేజరు కథ గురించి అందుకే ఇంతగా చెప్తున్నాను. ఆ కథను ఒక లాయరుకు చూపించండి.

రహస్యం మనుషుల ద్వారానే పోతుంది. 2013లో జె.కె. రౌలింగ్ రాబర్ట్ గాల్‌బ్రైత్ పేరుతో రాసిన సంగతి మూడు నెలలకే బయటపడింది. ఆమె లాయర్ల ఆఫీసులో ఒకాయన తన భార్య స్నేహితురాలికి చెప్పాడు. ఆ పేరు వెనక ఉన్నది ఆమేనని ధ్రువపరచుకోవడానికి పత్రికవాళ్లు పదాల వాడకాన్ని కంప్యూటరుతో పోల్చి చూపించారు. అసలు పేరుతో పదేళ్లుగా పోస్టులు రాస్తున్నవాళ్లు అదే శైలిలో మారుపేరుతో రాస్తే, శ్రద్ధగా చదివే పాఠకులకు ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఒక్కరికైనా చెప్పి ఉంచండి. ఇంత దాచమని చెప్పి ఇదేమిటి అనుకోవద్దు. నా స్నేహితుడొకాయన, ఇక్కడే రాజాజినగర్‌లో ఉండేవారు, నాలుగు నవలలు మారుపేరుతో రాశారు. ఇంట్లో ఎవరికీ తెలియదు. 2021లో కరోనాలో హఠాత్తుగా పోయారు. ప్రచురణకర్త దగ్గర ఉన్నది ఒక పాత ఫోన్ నంబరు, సంతకం లేని ఒక ఉత్తరం. పునర్ముద్రణకు ఎవరి అనుమతి తీసుకోవాలో వాళ్లకు తెలియదు. నేను వెళ్లి ఆయన భార్యకు చెప్పాల్సి వచ్చింది. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఆ పుస్తకం నేను చదివానండీ, మా చెల్లెలు ఇచ్చింది" అన్నారు.

చట్టంలోనూ దీనికి లెక్క ఉంది. మామూలు రచనకు రచయిత చనిపోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. మారుపేరు రచనకు మొదటిసారి ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లే. ఆ గడువులోగా రచయిత ఎవరో వెల్లడైతే మళ్లీ మరణం నుంచి లెక్కిస్తారు. వెల్లడయ్యేదాకా కాపీ చేసినవాళ్ల మీద కేసు వేయడానికి చట్టం ప్రచురణకర్తనే హక్కుదారుగా చూస్తుంది. మీరు ముప్పై ఏళ్ల వయసులో పుస్తకం వేసి తొంభై దాటి బతికితే, మీ పేరు ఎప్పటికీ బయటికి రాకపోతే, మీ కళ్ల ముందే హక్కు పోతుంది. అందుకే ఒక కవరులో ఒప్పందం కాపీ, చేతిరాత ప్రతులు, ఈ పేరుతో రాసింది నేనేనని సంతకం పెట్టిన కాగితం పెట్టి ఎవరికైనా ఇవ్వండి. వీలునామా రాస్తే అందులో ఈ రచనల హక్కులు ఎవరికో రాయండి. నా కవరు మా అమ్మాయి దగ్గర ఉంది.

ఇక మీరు అనుకున్న పేరు. అమ్మమ్మ మీద ప్రేమతో పెట్టుకున్నారని తెలుసు, అయినా వద్దు. ఊరు, గోత్రం, అమ్మమ్మ పేరు, ఈ మూడూ చుట్టాలకు తాళంచెవులు. మీ అత్తగారివైపు పెళ్లి పత్రిక చదివిన ప్రతివాళ్లకూ మీ ఊరు తెలుసు. మీ జీవితంలో ఎవరిదీ కాని ఒక మామూలు పేరు తీసుకోండి. తెలుగులో, ఇంగ్లీషు స్పెల్లింగులో వెతికి, ఆ పేరుతో ఇప్పటికే రాస్తున్నవాళ్లు లేరని చూసుకోండి. మగ పేరు పెట్టుకున్నా తప్పు లేదు. పురాణం సీత పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మగారే కదా. ఒక్క హద్దు మాత్రం పాటించండి: మీది కాని కులం, మతం, బాధ మీదే అని నమ్మించే పేరు పెట్టుకుని స్వానుభవంలా రాయకండి. ఆ బాధ నిజంగా పడినవాళ్ల చోటు ఆక్రమించినట్టవుతుంది.

ఆఫీసు కథల్లో ఒకటి, అత్తగారింటికి సంబంధం లేనిది, కొత్త పేరుతో ముందు ఒక్క పత్రికకు పంపి చూడండి. పంపే ముందు ఫైలు ప్రాపర్టీస్ తెరిచి చూడటం మరిచిపోవద్దు.